పాల పుస్తకం

మేడం, ఒక్క నిమిషం కూచోండి.
పాప నిద్రపోయింది, కుక్కరు ఆపేసినా.

ఇదో, ఈ నీలం అట్ట పుస్తకం మీరే ఇచ్చినారు
పిల్లల డాక్టరు చెప్పినాడని:
పాలు ఎప్పుడు, ఎన్ని ఎమ్మెల్,
డైపరు ఎప్పుడు, నిద్ర ఎంతసేపు.
మొదటి మూడు పేజీలు మీ గుండ్రటి అక్షరాలు.
నాలుగో పేజీ నుంచి నావి,
కదిరి బళ్లో ఏడో తరగతి కాడ ఆగిపోయిన అక్షరాలు.

మా ఊర్లో పాల పుస్తకమంటే
డెయిరీ కాడ ఎన్ని లీటర్లు పోసినామో రాసేది.
పదహైదు దినాలకొకసారి లెక్క తెగేది.
ఎనుము ఎంత ఇచ్చిందో
దానికి గూడా ఒక కాగితం ఉండేది.

ఆయా అంటే బాగుండదని
ఏజెన్సీవాళ్లు నన్ను నానీ అన్నారు.
నాకు నవ్వొచ్చింది. మా సైడు నానీ అంటే
చంకనెత్తుకునే పిల్లోడు.
ఈ ఓబుళమ్మని ఎవురెత్తుకుంటారు?

నిన్న సాయంత్రం కింద జారుడుబండ కాడ
మేమంతా కూసున్యాం,
క్రిష్ణగిరి సెల్వి, రాయచూరు హులిగెమ్మ, ఒరిస్సా పిల్ల సుకాంతి.
నాలుగు భాషలు, ఒకటే నడుము నొప్పి.
ఈ పుస్తకం చూసి సెల్వి ఫోన్లో లెక్క కట్టింది.
పొద్దన ఐదూ యాభైకి మొదటి సీసా.
రాత్రి పదిన్నరది ఆఖరుదనుకుంటామా,
ఇదో, రెండూ పది.
ఇదో, నాలుగూ నలభై, జొరం.
మధ్యాన్నం పాపతో బాటు నేనూ కన్ను మూసిన గంటలు
తీసేయమన్యా. నేనే తీసేయమన్యా.
అయినా దినానికి పదహైదు తేలింది.
ముప్పై దినాలు. పద్దెనిమిది వేలు.
గంటకి నలభై.

ఆ నలభై చూసి నాకేం కోపం రాలేదు.
పోయిన ఆదివారం మాల్లో ఆటల గదికి పోయినాం గదా,
అక్కడి బోర్డు గుర్తొచ్చింది:
గంటకి పాపకి ఆరొందలు,
తోడు మనిషికి నూటాయాభై.
నేను ఊరికే నిలబడేదానికి నూటాయాభై,
ఎత్తుకుని తిరిగేదానికి నలభై.
అప్పుడు కడుపులో ఏదో తిరిగింది.
దాన్ని ఏమంటారో నాకు తెలీదు.

మీరు చెడ్డోళ్లని కాదు.
నా కళ్లద్దాలు చేయించింది మీరే.
శుక్రవారం రాత్రి లాప్‌టాప్ ముందర కూసోని
గంటలు నింపుతా ఉంటారే,
ఒక గంట తక్కువ పడితే
మీ మేనేజరుతో కొట్లాడతారే,
అది చూసే నేర్చుకున్యా.

ఇంటి మనిషివి, నీకు లెక్కలేంది అంటారు.
ఇంటి మనిషి గేటు కాడ
సంచి విప్పి చూపించదు మేడం.

నేనడిగేది శానా లేదు.
ఆదివారం నాది.
తొమ్మిది గంటలు దాటితే దాటినదానికి వేరే.
రాత్రి లేస్తే, లేచినట్లు రాయాల.
జీతమెంతని మీరు తేల్చండి, నేనూ తేలుస్తా.
ఏదైనా గానీ కాగితం మీద.

ఆ పేజీ కాడ ఎందుకాగినారు?
ఓ, అదా. గీత కొట్టేసిన లైను.
పదకొండూ ఇరవై ఐదు.
సోఫా నుంచి టీపాయి దాకా, మూడు అడుగులు.
ఆ రాత్రి మీరొచ్చినాక
పాప మీ ముందర కాలు కదిపితే
మొదటి అడుగని అరిచినారు గదా,
సారుకి వీడియో కాల్ చేసి ఏడ్చినారు గదా.
నేను వంటింట్లోకి పోయి
అది కొట్టేసినా.

దానికి రేటు అడగను.
తక్కినవన్నీ కూడండి.

పాప లేచినట్లుంది.
తొమ్మిదీ నలభై.
పెన్ను ఈసారి మీ చేతిలో ఉండాది.