మెరవని వెలుగు

తొలకరి పడిన మూడోరోజు
తుగ్గలి దారిలో కేబులు తెగింది.
ఎవరి గడ్డపారో తెలీదు.
చేలనిండా జనం.
ఆదోని నుంచి, బళ్ళారి నుంచి సద్దిమూటలతో వచ్చి
వాన కడిగిన ఎర్రమట్టిని
కళ్ళతోనే జల్లెడ పడుతున్నారు,
ఏ గడ్డ వెనకో ఒక వజ్రం తేలి ఉంటుందని.

మేం గుంతలో కూర్చున్నాం.
నేనూ, మద్దిలేటన్నా,
గొడుగు కింద పోగులు అతికే మిషనూ.

నాకది రెండో నెల.
తెగిన కొసలో లైటొస్తాందా లేదా చూద్దామని
సూదికి దారమెక్కించే మనిషిలా
ఒక కన్ను మూసి ఎత్తబోయినాను.
మణికట్టు పట్టుకున్నాడు.
"ఎర్రలైటయితే కన్నే తప్పించుకుంటాదిరా.
ఇది కనపడదు.
కనపడనిదానికి రెప్ప పడదు."

కొంచెంసేపటికి, అడక్కుండానే,
దస్తగిరి సంగతి చెప్పినాడు.
భూతద్దం పెట్టి ఒక్కసారి చూసినాడంట, ఒక్కసారే.
ఇప్పుడు పత్తికొండ సంతలో ఉల్లిగడ్డలు తూస్తాడు.
తక్కెడ ముల్లు కావాలంటే ముల్లు పక్కకు చూడాల,
మనిషి మొగం కావాలంటే చెవి వైపు.
బీడీ కోసం జేబు తడుముకుని
పక్కనున్న స్పిరిట్ సీసా చూసి
చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

గుత్తికి ఫోను చేసినాం.
"ఆపేసినాం" అన్నారు.
ఆయన మాట విన్నాడు, మీటరును నమ్మినాడు.
ఐదో పోగు దగ్గర అంకె కదిలింది.
వెంట్రుకంత ఆ కొసలో నాకేమీ లేదు:
మబ్బు, మట్టి, ఆయన బొటనవేలి గోరు.
"ఇంగొకసారి ఆపండి సామీ,
ఈసారి మాది ఆపండి."

గట్టు మీద సుంకులమ్మ నిలబడింది,
చేతిలో చిన్న తొలిక.
"ఏమన్నా తళుక్కుమంటాందా నాయనా?"
"తళుక్కుమంటే బాగుండునక్కా" అన్నాడు,
తల ఎత్తకుండా.

పొద్దు వాలేటప్పటికి పన్నెండు పోగులూ కలిసినాయి.
కత్తిరించిన గాజుముక్కలు
నల్ల టేపుకు అంటించి లెక్కపెట్టినాం.
పోగుకు రెండు. ఇరవైనాలుగు ఉండాల.
ఇరవైమూడు.
మళ్ళా లెక్కపెట్టినాం. ఇరవైమూడే.

సద్ది విప్పలేదు.
చొక్కాలు దులపలేదు, యాడ పడుతుందో అని.
టార్చి నేలకు ఆనించి, వెలుగు అడ్డంగా పరిచి
ఇద్దరం మోకాళ్ళ మీద వెతుకుతున్నాం,
మట్టిబెడ్డ ఒక్కోటీ ఊది పక్కన పెడుతూ.
చుట్టూ చేలల్లో
ఇంకా నాలుగైదు టార్చీలు వంగే ఉన్నాయి.
దూరం నుంచి చూస్తే
మేమూ వాళ్ళే.

సుంకులమ్మ ఇంటికి పోతా ఆగింది.
"మీకూ దొరకలేదా?"
"లేదక్కా."
"ఎంతుంటాది?"
"చీమ కాలంత."
"అబ్బో" అంది, "మాదే నయం."
నవ్వుతా గుంతలోకి ఒక అడుగు దిగింది, సాయం పడదామని.

మద్దిలేటన్న టార్చి ఆమె కాళ్ళ వైపు తిప్పినాడు.
చెప్పుల్లేవు.
"ఆడ్నే నిలబడుకో అక్కా.
కదలగాకు."