తాళంకప్ప

అక్రాలో, సర్కిల్ దగ్గర, వంతెన నీడలో
నా గొడుగు, నా బల్ల,
పగిలిన ఫోన్లతో నిండిన ఒక బిస్కెట్ల డబ్బా.
సముద్రం దాటి బస్తాల్లో వస్తాయి ఇక్కడికి
ఎవరి చెవికో నాలుగేళ్ళు ఆని అరిగినవి,
నోటికి ఇంకా పాత తాళంతో.

పొద్దున్నే చోర్కోర్ నుంచి కోర్కోయ్ వచ్చింది
ఒంటినిండా చేపల పొగ వాసనతో.
"ఎబో, ఇది నా సిమ్ముని ఉమ్మేస్తోంది" అంది.
నిజమే. చంటిపిల్ల చేదుమందు ఉమ్మినట్టు.
'ఈ సిమ్ చెల్లదు' అని తెరమీద
తెల్లటి అక్షరాలు, మర్యాదగానే.

స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్.
పదిహేనంకెల పుట్టుమచ్చ బయటపడింది.
ఈ తాళంకప్పకి కన్నం కనబడదు.
దాని చెవి ఎక్కడో అవతలి ఒడ్డున.
నేనెన్నడూ చూడని ఊళ్ళో, నేనెన్నడూ చూడని మనిషి
డబ్బు ముట్టాక ఎనిమిదంకెలు పంపుతాడు.
నా విద్యంతా ఇంతే. మిగతాది తాళడం.

ఐదుసార్లే అవకాశం.
నాకంటే ముందు ఎవడో నాలుగు వాడేశాడు.
(పుట్టినతేదీ కొట్టి ఉంటాడు. అందరూ ముందు అదే కొడతారు.)
"ఒక్కటే మిగిలింది. అదీ తప్పితే
మొహం చూసుకోవడానికి పనికొస్తుంది" అన్నాను.
స్టూలు లాక్కుని కూర్చుంది.
కెంకే పొట్లం విప్పింది.

"ఎవరు వేశారు తాళం?"
కంపెనీ వాళ్ళు.
"దేనికి?"
చేతిలో డబ్బు లేనివాడికి ఫోను అరువిచ్చారు.
బాకీ తీరేదాకా వాళ్ళ గాలే పీల్చాలి,
పక్కవాడి గాలి పీల్చకూడదు.

పకపకా నవ్వింది.
"ఓస్, ఇదా! ఇది నేను చేసేదే కదా!
పడవకి మోటారు నేను కొనిస్తాను.
అప్పు తీరేదాకా వల్లో పడ్డ కవళ్ళన్నీ
నా బుట్టలోకే. ఒడ్డున ఇంకో ఆడది
రెండింతలు ఇస్తానన్నా సరే."
వేళ్ళు నాక్కుంది. తర్వాత, తీరిగ్గా,
"అయితే వీడి బాకీ తీరలేదా?"

ఎప్పుడో తీరిపోయి ఉంటుంది.
ఫోను బస్తాలోకి కూడా విసిరేశాడుగా.
"మరి తాళం?"
అడిగితే తీస్తారట, అమ్మా.
వాడు అడిగి ఉండడు.

నములుతున్న నోరు ఆగింది.
ట్రోట్రోల వైపు చూస్తూ కూర్చుంది.
కండక్టర్లు ఊళ్ళ పేర్లు అరుస్తున్నారు.
ఒక్క పేరూ ఆమె చెవికెక్కినట్టు లేదు.
మిగిలిన కెంకే ఆకులోనే ఎండిపోయింది.

రెండింటికి అంకెలొచ్చాయి.
ఒక్కొక్కటీ నొక్కుతుంటే ఆమె పెదాలు కదిలాయి,
ప్రార్థనో లెక్కో.
ఏడో అంకె దగ్గర నా వేలు చెమటకి జారబోయింది.
చొక్కాకి తుడుచుకున్నాను.
ఎనిమిది.

కాసేపు ఏమీ లేదు.
తొలివాన పడ్డాక ఓడా కాలవలో
మొదటి కప్ప బెకబెకమనే ముందు ఉంటుంది చూడండి,
ఆ నిశ్శబ్దం.

తర్వాత తెర మూలన
ఒకటి, రెండు, మూడు, నాలుగు గీతలు
ఎత్తు ప్రకారం లేచి నిలబడ్డాయి.

నాకు చూపించకుండా అటు తిరిగింది.
నంబరు చూసి కొట్టలేదు, గుర్తుంది.
"ఒడార్టే, నేనే. ఆఁ, కొత్త ఫోను.
సాయంత్రం ఇంటికి రా.
నోటుపుస్తకంలో నీ పేజీ ఒకటుంది.
నిండిపోయిన పేజీ.
పోయిన ఆగస్టులోనే.
అవును, నాకు తెలుసు.
నీకూ తెలుసు కదరా.
నువ్వు అడగలేదు."

అటునించి ఏమన్నాడో.
ఫోను చెవికి ఆనించుకునే ఉంది చాలాసేపు
కాల్ తెగిపోయాక కూడా.

నా నూట ఇరవై సీడీల దగ్గర మాత్రం
అరగంట బేరమాడింది.
పదిహేను తగ్గాను.