చంద్రుడికి గ్యారంటీ లేదు

చంద్రోదయం ఏడూ పదమూడు అని
టౌన్ బీచ్ గేటు దగ్గర అట్ట కట్టారు,
పంచాంగంలో వర్జ్యం రాసినట్టు
నిమిషాలతో సహా.
ఆరింటికే నేను మూకుడు ఎక్కించాను.

పెర్త్ నుంచి రెండు రోజులు లారీలో పడుకుని వచ్చిన మిరపకాయలు.
కడుపు చీల్చి, వాము కూరి, వరసగా పేర్చాను.
శనగపిండి జారైతే బ్రూమ్ గాలికి ఒళ్ళు విప్పుకుంటుంది,
గట్టిదైతే పిల్లలు ఉమ్మేస్తారు.
ఆరేళ్ళకి గానీ చేతికి పట్టుబడలేదు.

పాటు వేళ.
సముద్రం దుకాణం కట్టేసి
మైలు దూరం వెనక్కి నడిచిపోయింది.
మిగిలింది బురద, బురదలో నీటి చారలు.
వాటి మీద నిండు చంద్రుడు పడితే
కింద నుంచి పైదాకా బంగారు మెట్లు.
ఆ మెట్ల కోసమే ఇంతమంది:
కారవాన్లు తోకల్లా తగిలించుకుని
మెల్‌బోర్న్ నుంచి, అడిలైడ్ నుంచి
ఉద్యోగాలు దిగిపోయిన జంటలు,
మడత కుర్చీలు, దోమల మందు వాసన,
కాళ్ళకి ఈ ఊరి ఎర్రమట్టి పారాణి.

పక్క బల్ల లియోనీది.
ముత్యపు చిప్పల గుండీలు, చెవిపోగులు.
బేరాలు తక్కువ, అభిప్రాయాలు ఎక్కువ.
"మీ బజ్జీ వాసనకి నా ముత్యాలు తుమ్ముతున్నాయి" అంటుంది,
ప్రతి నెలా, అదే మాట.

ఏడూ పదమూడు.
ఫోన్లన్నీ ఒక్కసారి లేచాయి.
హోటల్ పచ్చిక మీద డిడ్జెరిడూ
గుండెల నిండా గాలి పీల్చుకుంది.
తూర్పున మబ్బు,
చినుకు మొహమెరగని ఆగస్టులో
దారికడ్డంగా పడుకున్న గేదెలా.
హారన్ కొట్టినా లేవదు.

ఏడున్నర. ఏడూ యాభై.
"మెట్లు రిపేరులో ఉన్నాయా?"
ఒక పిల్ల వాళ్ళ నాన్నని అడుగుతోంది.
కుర్చీలు ఒక్కొక్కటీ టపటపా మడతపడ్డాయి.

టోపీ పెద్దాయన ఒకడు నేరుగా నా దగ్గరికొచ్చి,
మూడు వేల కిలోమీటర్లు నడిపాను,
రేపైనా గ్యారంటీనా అని నిలదీశాడు,
చంద్రుణ్ణి నేనే దాచినట్టు.
నా గ్యారంటీ మూకుడు దాకానే అన్నాను.
నాలుగు కొన్నాడు. మొదటిది కొరికాడు.
ముక్కు ఎర్రబడింది, చెవులు ఎర్రబడ్డాయి,
కళ్ళ నిండా నీళ్ళు.
ఆ నీళ్ళలోంచి వీధి దీపం కేసి చూసి
"ఇదిగో, మెట్లు!" అని అరిచాడు.
వాళ్ళావిడ కూడా ఒకటి కొరికి చూసింది.
తర్వాత క్యూ కట్టారు.

తొమ్మిదీ నలభైకి
గేదె లేచి ఒళ్ళు దులుపుకుంది.
అప్పటికి గట్టు మీద మేమే ఉన్నాం,
గిన్నెలు తోముకునే వాళ్ళం.
చంద్రుడు పైకెక్కి చిన్నబోయాడు.
పోటు మొదలైంది, నీళ్ళొచ్చి
ఉన్న రెండు మూడు మెట్లనీ
అడుగు నుంచి మింగుతున్నాయి.

లియోనీ చిప్పలు గుడ్డలో చుడుతూ
"మా తాతకి మెట్లు కిందికే" అంది.
"సీసం బూట్లు, రాగి తలకాయ,
పదిహేను బారల లోతు.
దిగడం ఎవడైనా దిగుతాడు.
ఎక్కేటప్పుడే, పిల్లా, మెల్లగా ఎక్కాలి.
తొందరపడ్డవాళ్ళంతా
ఆ పోర్టు రోడ్డు పక్క రాళ్ళ కింద ఉన్నారు,
రాళ్ళ మీద జపాను అక్షరాలు."

ఆఖరి బజ్జీ చల్లారిపోయింది.
అదే తీసుకుని
డబ్బుకి బదులు ఒక గుండీ నా అరచేతిలో పెట్టింది.
తిప్పితే ఒక పక్క తెలుపు,
ఇంకో పక్క ఏ రంగో చెప్పలేను.

అట్ట మీద రేపటి గడి చూశాను.
ఎనిమిదీ రెండు.
రెండు కిలోల పిండి సరిపోదు.

మూకుట్లో నూనె ఇంకా సెగ కక్కుతోంది.
డబ్బాలోకి వంపడానికి
నేనూ తొందరపడలేదు.