నీలం నల్లా

సల్మాబాద్‌లో, టైర్ల షాపు పైన,
శుక్రవారం మధ్యాహ్నాలు మా క్లాసు.
ఏసీ నీళ్లు కారే బకెట్టు పక్కన
నలుగురు. ఒక్కోసారి ఐదుగురు.

వారమంతా నేను షట్టర్ల మీదికి అక్షరాలు కత్తిరిస్తాను:
ఎడమ నుంచి ఒక భాష, కుడి నుంచి ఒక భాష,
నడుమ ఫోను నంబరు.
ఆ చేత్తోనే ఇక్కడ మార్కరు పట్టి
బోర్డంతా నిండేలా రాశాను, డిజైన్ అని.

"బొమ్మలేసుడు రాదు మేడం" అన్నాడు గంగనర్సయ్య,
ఇరవై రెండేళ్లుగా పైపులు బిగిస్తున్నవాడు.
"బొమ్మలొద్దు.
ఎవరెక్కడ తడబడుతున్నారో చూసి రండి, చాలు."

మరుసటి వారం చూసినవి తెచ్చారు.

ఎస్తేరు రాణి, వార్డులో నైట్ డ్యూటీ నర్సు,
రెండు ఖాళీ మందు సీసాలు బల్ల మీద పెట్టింది.
ఒకే ఎత్తు, ఒకే తెలుపు, ఒకే మూత.
"పగలు ఇవి కవలలు.
రాత్రి మూడింటికి ఒక్కటే మనిషి" అంది.

పెంచలయ్య, లెక్కల గుమాస్తా,
జీతం చీటీ మడత విప్పాడు.
అరవై గళ్లు. చేతికొచ్చే దీనార్లు
అట్టడుగున, చీమంత.
"నాదెంత సారూ అని నెలనెలా అడుగుతారు.
చదువురాని మొహాలని కసిరేవాణ్ణి" అన్నాడు.
చీటీ మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మస్తాన్‌బీ ఏమీ తేలేదు.
తను పనిచేసే ఇంట్లో
వాషింగ్ మెషీను మీద ఇరవై గుర్తులట.
గోళ్ల రంగుతో మూడింటికి చుక్కలు పెట్టుకుంది.
ఇప్పుడు ఆ ఇంటి మామా కూడా
చుక్కల్నే నొక్కుతుందట.
"ఇది కూడా పాఠమేనా?" అని అడిగింది.

నేను రంగుల దగ్గరికొచ్చాను.
ఎరుపు వేడి, నీలం చలువ.
లోకమంతా ఒప్పుకున్న మాట అన్నాను.

గంగనర్సయ్యకు నవ్వు ఆగలేదు.
"ఆగస్టుల మా క్యాంపుకొచ్చి
నీలం నల్లా తిప్పి సూడున్రి మేడం!
ట్యాంకు మిద్దె మీద. ఎండకు మసులుతది.
మేం గీజరు బందువెట్టి ఎర్రది తిప్పుతం.
లోపల నీడకు పండుకున్న నీళ్లు, గవే సల్లటియి.
కొత్తగొచ్చిన పోరడు తెల్వక
నీలం కిందనే తల వెడ్తడు."

పదకొండేళ్లుగా ఈ దీవిలో
నేనూ ఎర్రదే తిప్పి స్నానం చేస్తున్నాను.
చేతికి తెలిసింది
నా పాఠానికి తెలియలేదు.

తుడిచేసి మార్కరు అతనికిచ్చాను.
చాలాసేపు మూత తీయలేదు.
తర్వాత ఒక నల్లా గీశాడు,
దాని నెత్తిన సూర్యుణ్ణి.
ఏడు కిరణాలు, ఒకటి పొట్టిది.
సరిచేయబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

శనివారం, ఎవరో దుకాణదారు వద్దన్న
పసుపు స్టిక్కరు ముక్కల్లోంచి
పన్నెండు సూర్యుళ్లను కత్తిరించాను,
ఆ పొట్టి కిరణంతో సహా.

"నల్లాకు అంటియ్యద్దు మేడం" అన్నాడు.
రేకు ముక్క మీద అతికించి,
బెజ్జం పెట్టి, తీగకు కట్టాడు.
వెనక వైపు ఖాళీ.
"నవంబరుల ఇట్ల మర్లేస్తం."