యిబెల్

మా బడికి గోడలు లేవు.
గోజామ్ మెట్టమీద, జూనిపర్ చెట్ల మధ్య
ఎవరి గడ్డిగుడిసె వాళ్లే కట్టుకున్న ముప్పైమందిమి.
ఒంటిమీద గొర్రెతోలు, భుజాన జోలె,
కుక్కల కోసం ఒక కర్ర.
దేవుడి కోసం ఏం తెచ్చుకున్నారని
అప్పట్లో ఎవరూ అడగలేదు.

ఎంబియాలె ఏకసంథాగ్రాహి.
గురువు గీజు భాషలో ఒక్కసారి చెబితే
మేకు దిగినట్టు దిగేది వాడి లోపల.
నాది మట్టిబుర్ర. అదే పాదాన్ని
మూడు వారాలు నమిలి, నాలుగో వారం మింగి,
ఐదో వారం కక్కేవాణ్ణి.

మేం నేర్చే విద్య పేరు కినె.
ఒకే మాటలో రెండు అర్థాలు పొదగాలి:
పైన మైనం, లోపల బంగారం.
రాత్రి కట్టిన పద్యం తెల్లారి అప్పజెప్పాలి,
ఒకసారి చెప్పింది మళ్లీ చెప్పకూడదు, చచ్చేదాకా.
వాడు ఒక్క రాత్రిలో ఏడు కట్టేవాడు.
మిగిలినవి మాకు పంచేవాడు
వేయించిన బార్లీ పంచినట్టు.
వాడిది నాదని చెప్పి రెండుసార్లు దెబ్బలు తప్పించుకున్నాను.
గురువుకు చూపు లేదు. మూడోసారి మాత్రం
"గొంతు నీదే, ఊపిరి నీది కాదు" అన్నారు.

వాడి పద్యం విన్న పెద్దలు కర్రలతో నేల కొట్టి
"యిబెల్! యిబెల్!" అని ఊగిపోయేవారు.
గురువు ఒక్కనాడూ అనలేదు.
"తిరుంగో ఇంటికెళ్లి అడుక్కురా, పో" అనేవారు.

అడుక్కోవడం వాడికి చేతకాలేదు.
గడప ముందు నిలబడి, మేరీమాత పేరెత్తి
ఏదో కొత్త పోలిక అందుకునేవాడు.
తిరుంగో నోరు తెరుచుకుని వినేది,
పెనం మీద ఇంజెరా మాడిపోయేది.
నాకు వచ్చింది ఒకటే మాట: "ఆకలమ్మా."
నా జోలె నిండేది.
దారిలో సగం వాడికి పెట్టేవాణ్ణి,
మంచితనం కాదు, బరువు.

ఒక రాత్రి వాడే చెప్పాడు:
"అస్రదే, నేను కట్టడం లేదురా.
నాకంటే ముందే ఎవరో వచ్చి కూర్చుంటారు.
నేను వెళ్లేసరికి చాప వెచ్చగా ఉంటుంది.
లేచి వెళ్లిందెవరో చూద్దామంటే
ఎవరూ ఉండరు."
నాకు అసూయ కలిగింది. భయం కూడా.
నా చాప ఎప్పుడూ చల్లగానే ఉండేది.

ఆ వానల్లో జ్వరం మా బడికొచ్చింది.
తొమ్మిదేళ్ల వర్కు పోయాడు,
నాకంటే మొద్దు ఆ ఒక్కడే.
వాళ్లమ్మ పెట్టిన ఆ పేరుకు అర్థం బంగారం.

గోతి దగ్గర గురువు
ఎంబియాలె ఉన్న వైపు మొహం తిప్పారు.
వాడు నోరు తెరిచాడు.
గొర్రెతోళ్ల మీద వాన.
పెదాలు కదిలాయి, ఆగాయి.
ఎవడో దగ్గాడు.
వాడు వంగి, కుక్కపళ్ల గాట్లున్న ఆ పిల్లాడి కర్రను
వాడి పక్కనే పడుకోబెట్టాడు.
అప్పుడన్నారు గురువు, మెల్లగా:
"యిబెల్."

మా భాషలో ఆ మాటకు 'చెప్పనీ' అని అర్థం.
భేష్ అనడానికీ అదే,
ఇంకా చెప్పలేదేం అనడానికీ అదే.
మెచ్చుకున్నారో గద్దించారో
నలభై ఏళ్లుగా తేలలేదు నాకు.
అడగడానికి ఆయన లేరు.

వాడు ఆ వారమే వెళ్లిపోయాడు.
టానా సరస్సు దీవిలో సన్యాసి అయ్యాడని ఒకరు,
బాహిర్‌దార్‌లో లారీల దగ్గర తూకాలు రాస్తున్నాడని ఒకరు.
రెండూ నమ్ముతాను.

నేనిప్పుడు ఈ చర్చికి రాత్రి కాపలా.
నేర్చినవన్నీ పోయాయి, ఆకలమ్మా ఒక్కటే మిగిలింది.
కోడి కూయకముందే లేచి
చాపమీద పక్కన చెయ్యేసి చూస్తాను.
చల్లగానే ఉంటుంది.
ఎప్పుడో ఒకసారి మాత్రం, ఆ కొసన,
అరచెయ్యంత మేర...
పిల్లి పడుకుని వెళ్లిందేమో.