నీళ్ళు నమలకుండా

అమ్మకానికి: నలభై ఎకరాలు.
సొకోరో నుంచి పడమరకి గంటన్నర,
ఆఖరి నలభై నిమిషాలూ రోడ్డుని మీరే ఊహించుకోవాలి.
నీళ్ళు లేవు. కరెంటు లేదు. గ్యాసూ టెలిఫోనూ మురుగుకాలవా లేవు.
గాలి ఉంది. అడక్కుండానే వస్తుంది, బిల్లు పంపదు.

ఇంతవరకు రాసి పెన్సిలు కొరికాను.
పేపరువాడు మాటకింత అని తీసుకుంటాడు.
లేనివాటి జాబితాకే నాకు పదకొండు డాలర్లయింది.

మా మామగారు దీన్ని చూడకుండా కొన్నారు.
డెబ్బై ఒకటిలో, షికాగో ఉక్కు కొలిమి ముందు నిలబడే రోజుల్లో,
నెలకి ముప్ఫై తొమ్మిది డాలర్లు, పోస్టులో.
రంగుల కాగితం మీద దాని పేరు బ్లూ హెరాన్ లేక్ ఎస్టేట్స్.
కొంగ లేదు. సరస్సు లేదు.
పటంలో మాత్రం మాది
ట్రౌట్ చేప వీధీ, పడవల రేవు వీధీ కలిసే మూల.
పోయేదాకా ఆయన మంచం కింద
ఒక గాలపు కర్ర ఉండేది, కొత్తది.

ఫోన్లు వచ్చాయి.
కరెంటు స్తంభం ఎంత దూరం, అన్నాడొకాయన.
తొమ్మిది మైళ్ళు.
తీగ లాగడానికి కంపెనీ చెప్పిన ధరకి
ఇలాంటి స్థలాలు ఆరు కొనొచ్చు.
ఒకామె కొడుకునీ రెండు కుక్కల్నీ తీసుకొచ్చింది.
కుర్రాడు కారు దిగుతూనే "కొళాయి ఎక్కడ?" అన్నాడు.
నేను నీళ్ళు నమిలాను.
ఆ నేల మీద ఇప్పటిదాకా దొరికిన నీళ్ళు అవే,
నా క్యానులో మోసుకెళ్ళినవి కాక.
క్యాను కుక్కలు ఖాళీ చేశాయి.

తర్వాతి మంగళవారం యుసేబియో మొంటానో వచ్చాడు.
బోర్లు వేసేవాడు. పంతొమ్మిదేళ్ళ కిందట
మా రూడీ పిలిస్తే ఇక్కడ తవ్వింది ఇతనే.
నాలుగొందల ఇరవై అడుగులు.
అడుగుకింత చొప్పున
మా పికప్పు, నా కుట్టుమిషను, రెండు దూడలు
ఆ కన్నంలోకి దిగాయి.
ఉన్నదంతా ధారపోశాడు రూడీ,
నేలకి తడి మాత్రం అంటలేదు.
చివరి రోజు పైకొచ్చింది బూడిదరంగు పొడి,
మొహానికి రాసుకునేంత మెత్తన.
కాఫీ డబ్బా నిండా ఇంటికి తెచ్చాడు.
ఎందుకని నేనడగలేదు. ఆయన చెప్పలేదు.

"నేను కొంటాను, డోరతేయా."
"అక్కడేముందో నీకు తెలుసుగా."
"నాకే తెలుసు."
టోపీ తీసి మోకాలికి తగిలించాడు.
ఈ జిల్లాలో మూడొందల పదకొండు వేశాడట.
ఇది బాకా వాళ్ళ బావి, ఇది చర్చి బావి, ఇది బడిది.
నీళ్ళు పడితే ఇంటివాళ్ళ పేరు.
"పడకపోతే తవ్వినవాడిదే," అన్నాడు.
"రాత్రుళ్ళు నేను దాంట్లోనే పడుకుంటున్నాను."

నేను ధర తగ్గించబోయాను, అతను పెంచాడు.
ఇద్దరు ముసలాళ్ళం
వంటింట్లో తలకిందులుగా బేరమాడాం.
కాఫీ చల్లారింది.
అతని ట్రక్కు మూతి మీద కాగితాలు పరిచి
ఎగిరిపోకుండా ఒక చేత్తో అదిమి
రెండో చేత్తో సంతకం పెట్టాను.

వెళ్ళబోతూ అడిగాడు:
"ఆ డబ్బా?"
"అది భూమితో రాదు," అన్నాను.
వెనక తలుపు గాలికి కొట్టుకోకుండా
ఇన్నేళ్ళూ దాన్నే అడ్డం పెడుతున్నాను.

ప్రకటనకి నాలుగు వారాల డబ్బు కట్టేశాను.
ఇంకా రెండు వారాలు వస్తుంది.
నిన్న రాత్రి ఎవరో కుర్రాడు, నెవాడా నుంచి,
వెనకాల పసిబిడ్డ ఏడుపు.
"నీళ్ళున్నాయా అమ్మా?"
నమల్లేదు ఈసారి.
"లేవు బాబూ,
నాలుగొందల ఇరవై అడుగుల దాకా లేవు.
ఆ కింది సంగతి
అమ్ముడైపోయింది."