కరెంటు పోయినంక

రాజ్‌విహార్ కాడ, మెట్ల కింద అంగడి.
గోడకు మూడు ఏలాడుతుండాయి, మెడలు పైకి.
"అసలువి కాదప్పా, నకళ్లే" అన్నాడు ఫక్రుద్దీన్ సాబు ముందుగానే,
"అసలుది కావాలంటే నీ పరుపుల బండీ, ఇల్లూ కలిపి రాసియ్యాల."
నకలే పద్దెనిమిది వేలు.
తొమ్మిది పరుపులు, ఇరవై దిండ్లు,
లెక్క నాకు అట్లనే వస్తాది.

మొదటిది టెలీ.
పలకకు మెడ తగిలించినట్టు, అంతే.
అబద్ధం దాచుకునే జాగా లేదు దాంట్లో,
తప్పు మీటితే తప్పే పలుకుతాది
మా జేజి ఖాసింబీ మాదిరి.

రెండోది స్ట్రాట్.
రెండు కొమ్ములు, పొట్టకు ఆనే చోట చెక్కను నున్నగా కోసినారు.
ఒక కమ్మీ ఉంది. నొక్కితే స్వరం వంగి లేస్తాది
బస్సు గుంతలో పడి లేచినప్పుడు
కడుపులో జారుతాదే, అట్ల.
పెండ్లిళ్లలో పిల్లోళ్లు వేలు పెట్టి చూపేది దీన్నే,
పేరు తెలియకపోయినా.

మూడోది లెస్ పాల్. ఎత్తితే
వానకు తడిసిన పరుపు.
మోగిందంటే ఒక్క స్వరమే
ఆదోని స్టేషన్లో గూడ్సుబండి దాటినంత సేపు.
కానీ రాత్రి తొమ్మిదికి నిలబడితే రెండుకు గానీ కూర్చోని బతుకు మాది.
నా ఎడమ బుజం
పరుపులు మోసి మోసి ఇప్పటికే ఒక పక్కకు రాసిచ్చింది.

"స్ట్రాటే తీసుకో, చర్చికీ పనికొస్తాది" అన్నాడు కీబోర్డు నెహెమ్యా.
"బరువుదే తీసుకో, బరువులోనే ఉంది శబ్దం" అన్నాడు డ్రమ్ముల ఓబులేసు.
వాడు కూర్చొని వాయిస్తాడు.

అప్పుడు కరెంటు పోయింది.
ఆంప్లిఫయర్లో గుయ్యిమంటున్న తుమ్మెద
ఉన్నట్టుండి చచ్చిపోయింది.
"లైన్ల పని. పన్నెండుకు వస్తాది" సాబు టీ తెప్పించినాడు.
చీకట్లో మూడూ ఒకటే ధర.

పోయినేడు అరువు గిటారు ఇంటికి తెస్తే
జేజి వేలితో కొట్టి చూసింది:
"దీనికి బొర్ర యాడరా?
కడుపు లేందానికి ఏడుపెట్లొస్తాది?"
అటక మీద జేజినాయన విల్లు ఉంది,
దూది ఏకిన విల్లు. దానికి మాత్రం బొర్ర ఉందా?
ఒక కట్టె, ఒక నరం తాడు, కొట్టేదానికి ఒక దిమ్మె.
కొడితే వీధి వీధంతా లేచేది.
మార్కెట్ యార్డు ఎనక ఏకే మిషను వచ్చినేడు
నాయన దాన్ని పైకెక్కించినాడు.
ఆ పని పేరే బడిలో నాకు తిట్టు.
అయినా నాకు గుర్తుండేది తిట్టు కాదు.
ఐదేండ్లప్పుడు విల్లు కొసను పండ్లతో కరుచుకొని కూర్చుంటే
జేజినాయన కొట్టిన ప్రతి దెబ్బా
నా తలలో మోగేది.

సాబు టీ తాగుతుండాడు, అటు తిరిగి.
నేను దవడ ఆనించినాను.
స్ట్రాట్‌లో లోపలి స్ప్రింగులు
వాటిలో అవే ఏదో మాట్లాడుకుంటుండాయి, నాతో కాదు.
లెస్ పాల్‌లో శబ్దం లోపలికి పోయింది,
ఇంకా పోతానే ఉంది.
టెలీ మాత్రం,
టంగ్.
పంటి మీదనే.
తుమ్మొచ్చింది నాకు.
అంగట్లో దూదిపింజ ఒక్కటి లేదు,
రెండుసార్లు తుమ్మినాను.

కరెంటొచ్చింది. "ప్లగ్గు పెట్టి చూస్కోవా?"
"వద్దులే సాబూ. తీగల సెట్టు ఊరికే ఇయ్యి."
ఇయ్యలేదు. సగం ధరకు ఇచ్చినాడు.

బస్సులో ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే
ఎమ్మిగనూరు దాటేదాకా
ఆ వంగే కమ్మీయే గుర్తుకొచ్చింది, అబద్ధమెందుకు.
పక్కన కూర్చున్నాయన అడిగె:
"ఏంది నాయనా అది, ఇస్త్రీ బల్లా?"